గులాబీ మాత్ర వెనక భీమవరం అబ్బాయి

శనివారం ఆఖరి పీరియడ్ వచ్చిందంటే మా బడి పిల్లలకు పండగే. పుస్తకాలు సంచీల్లోకి తోసేసి ఆటస్థలంలోకి పరుగో పరుగు! తుక్కుగూడ చుట్టుపక్కల ఓ చిన్న ప్రాథమిక పాఠశాలలో టీచరును నేను. ఇటు శ్రీశైలం రోడ్డు, అటు ఔటర్ రింగ్ రోడ్డు, పక్కనే శంషాబాద్ విమానాశ్రయం. విమానం కిందికి దిగుతుంటే చెప్పే లెక్క ఆపి పిల్లలతోపాటు నేనూ కిటికీలోంచి చూస్తుంటాను. మాలాంటి చిన్న బడుల్లో ఆటలకు వేరే టీచరు ఎక్కడుంటారు? ఖోఖో ఆడించేదీ, డ్రిల్లు చేయించేదీ, ఆకుకూరల పాఠం చెప్పేదీ, చేతులు కడుక్కున్నారో లేదో చూసేదీ అన్నీ మేమే.

ఓ శనివారం నాలుగో తరగతి పిల్లలతో ఖోఖో ఆడిస్తున్నాను. ఓ అమ్మాయి నాలుగడుగులు జోరుగా పరిగెత్తి ఉన్నట్టుండి చతికిలబడిపోయింది. లేవమన్నాను. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. బద్ధకం అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అందరి ముందూ అనేశాను కూడా. ఆ పిల్ల ఎదురు మాట్లాడలేదు. తల దించుకుని గోడ పక్కకు వెళ్లి కూర్చుంది.

కొన్నాళ్లకు ఆరోగ్య బృందం బడికొచ్చి పిల్లల కళ్లూ, నాలుకా, గోళ్లూ చూసింది. ఆ అమ్మాయి కంటి కింది రెప్ప పాలిపోయి ఉందని రక్త పరీక్ష చేయించమన్నారు. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆ వయసు పిల్లలకు కనీసం 11.5 ఉండాలి. బద్ధకం కాదమ్మా, ఒంట్లో రక్తం లేదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోడ పక్కన తల దించుకున్న ఆ మొహమే కళ్లముందు.

మా బడి ఒక్కదాని సంగతే కాదిది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైనే. అంటే బడికొచ్చే పిల్లకు ముందే, ఆమెను కన్న తల్లికే రక్తం చాలదన్నమాట. ఇక పిల్లకెక్కణ్నుంచి వస్తుంది?

ప్రభుత్వం ఊరుకుందా అంటే, లేదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకటి చొప్పున గులాబీ రంగు మాత్ర ఇవ్వాలి. అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అంతా బాగానే ఉంది. కానీ మింగేదెవరు? ఒకసారి మా బడి ప్రహరీ వెనక్కి వెళ్లి చూద్దును కదా, గడ్డిలో గులాబీ మాత్రలు! నా ముందు నోట్లో వేసుకుని, నీళ్లు తాగినట్టు నటించి, గోడవతల ఉమ్మేస్తున్నారు. ఆ అమ్మాయి నానమ్మయితే నేరుగా బడికొచ్చి, ఊరూ పేరూ తెలియని మాత్ర మా పిల్లకెందుకు మింగిస్తున్నారని నిలదీసింది.

ఊరూ పేరూ తెలియని మాత్ర! ఆవిడ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ మాత్రకు ఊరుంది, పేరుంది. ఊరు భీమవరం. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మా నాన్నగారి స్టాంపుల పుస్తకంలో 1995లో మన తపాలా శాఖ ఆయన శతజయంతికి వేసిన స్టాంపు ఉంది. మర్నాటి శనివారం ఆ పుస్తకం చంకన పెట్టుకుని బడికెళ్లాను. ఆటలు కాసేపు ఆపి, చెట్టు కింద కూర్చోబెట్టి ఆయన కథ మొదలుపెట్టాను. ఒక్క పీరియడ్‌లో అవుతుందనుకున్నది నాలుగు శనివారాలు పట్టింది. పిల్లలకు చెప్పిందే మీకూ చెబుతాను.

రెండుసార్లు తప్పిన పరీక్ష

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. పెద్ద సంసారం, అంతంతమాత్రపు రాబడి. మన కథానాయకుడికి చదువు మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బోలెడు డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయాడని చెబుతారు. ఈ మాట చెప్పగానే మా పిల్లలు పడీపడీ నవ్వారు. తల్లి మాత్రం నవ్వలేదు. పట్టుబట్టి వెనక్కి రప్పించి మళ్లీ పుస్తకాల ముందు కూర్చోబెట్టింది.

ఇంతలో తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. అప్పుడా తల్లి ఇక చాల్లే, ఏదన్నా పనిలో పెడదాం అనుకుని ఉంటే? అనుకోలేదు. ఒంటిమీది బంగారం అమ్మి మరీ చదివించిందని చెప్పుకుంటారు. మద్రాసు హిందూ హైస్కూల్లో మూడోసారి రాసి గట్టెక్కాడు. పరీక్ష పోయిందని పిల్లల్ని నాలుగు మాటలనేసే మనం ఒక్క నిమిషం ఆగి వెంకమ్మగారిని తలచుకోవాలి. వైద్య చరిత్రలో నిలిచిపోయిన మనిషి మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు మరి!

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో సన్యాసం మీదికి మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠం వారూ చేర్చుకోలేదు. వైద్యం చదువుకుని జనానికి సేవ చేయవచ్చు కదా అన్న సలహాతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఆ చదువు గట్టెక్కడానికి ఆసరాగా నిలిచింది మామగారు. 1919లో శేషగిరితో పెళ్లయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

అవి గాంధీగారి పిలుపుతో దేశం కదిలిపోతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషన్ గదికి వెళ్లాడు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు కంటగింపయింది. రాత పరీక్షలు బాగానే రాసినా, పూర్తి ఎంబీబీఎస్ పట్టా ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టాతో అనుకున్న ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో కుదిరాడు.

ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు

ఇక్కడికొచ్చేసరికి మా పిల్లలు చప్పుడు చేయడం మానేశారు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన పెద్దలు సంగ్రహణి అనేవారే, ఆ కోవలోది. నోరంతా పూసిపోతుంది. విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటబట్టదు. పేగులు అన్నంలోని సారాన్ని లాక్కోలేవు. రక్తం పలచబడి, మనిషి శుష్కించి రాలిపోతాడు. ముందు కంచం నిండా అన్నం ఉన్నా ఆకలి చావే అన్నమాట. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతిగారి వైద్యంతో ఎలాగో బయటపడ్డాడు.

వైద్యుడయ్యుండీ తోడబుట్టినవాళ్లను కాపాడుకోలేకపోయాడు. తిండి ఒంటికి ఎలా పడుతుంది? ఎందుకు పట్టకుండా పోతుంది? ఆ ప్రశ్న వెంట ఆయన సముద్రాలు దాటాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఇస్తానంది. మామగారు చెయ్యి వేశారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగుపెట్టి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల వ్యాధుల చదువులో చేరారు.

చదువైతే దొరికింది గానీ, తిండికీ అద్దెకూ డబ్బేది? రాత్రిళ్లు ఓ ఆస్పత్రిలో పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆ పని. ఈ మాట చెబుతుంటే ముందు వరసలోని ఓ అబ్బాయి చెయ్యెత్తాడు. వాళ్లమ్మ రాత్రి డ్యూటీలో ఊడ్చి తుడిచే పనికి వెళ్తుందనీ, పొద్దున్నే వచ్చి తనను బడికి పంపి పడుకుంటుందనీ చెప్పాడు. ఎప్పుడూ అమ్మ పని గురించి నోరెత్తని పిల్లాడు. ఆ రోజు అందరి ముందూ గొంతెత్తి చెప్పాడు. నా గొంతే పూడుకుపోయింది.

పోపుల డబ్బాలో దాచిన డబ్బు

హార్వర్డ్‌లో సుబ్బారావు సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాస్త్రంలో పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. అప్పటిదాకా ఉన్న పద్ధతులకన్నా తేలిక. ఇప్పటికీ ఆ పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు పేర్లతోనే పిలుస్తారు. ఆ కొలత చేతిలో ఉంది కాబట్టే కండరాల్లోకి తొంగిచూడగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ అనే పదార్థాలను కనుగొన్నారు. అదే కాలంలో యూరప్‌లోనూ వేరే శాస్త్రవేత్తలు విడిగా వీటిని పట్టుకున్నారు.

ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ అంటే నాలుగో తరగతి పిల్లలకేం అర్థమవుతుంది? మన వంటింటి భాషలో చెప్పాను. ఏటీపీ అంటే చేతిలో చిల్లర. కండరం కదలాలంటే అప్పటికప్పుడు ఖర్చయ్యేది అదే. కానీ అది రెండు మూడు క్షణాలకు మించి రాదు. ఫాస్ఫోక్రియాటిన్ అంటే అమ్మ పోపుల డబ్బాలో దాచిన డబ్బు. చిల్లర అయిపోగానే చప్పున తీసి వాడుకోవచ్చు. అదీ పరుగందుకున్నాక పది సెకన్లలోపే చాలావరకు ఖర్చయిపోతుంది. ఆ తర్వాత? నెల జీతం రావాలి. ఆ జీతం మనం తిన్న తిండి. జీతం చేతికి దండిగా అందాలంటే ప్రాణవాయువు కావాలి. దాన్ని ఊపిరితిత్తుల నుంచి కండరం దాకా మోసుకొచ్చేది రక్తంలోని హిమోగ్లోబిన్.

ఇది చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఆ శనివారం ఆ అమ్మాయి మొదటి నాలుగడుగులు జోరుగా ఎందుకు పరిగెత్తిందో, తర్వాత ఎందుకు కూలబడిందో అప్పుడు అర్థమైంది. చిల్లర ఉంది. పోపుల డబ్బాలో డబ్బూ ఉంది. జీతం మోసుకొచ్చేవాళ్లే సరిపడా లేరు. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు నీది బద్ధకం కాదమ్మా, నాదే తెలియనితనం అని ఆ పిల్లతో చెప్పాను. పిల్లలు టీచర్ని చిత్రంగా చూశారు. ఆమె మాత్రం చిన్నగా నవ్వింది.

పత్రాల మీద ముందు ఫిస్క్ పేరు, వెనక సుబ్బారావు పేరు. ఎంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. అక్కడ పరిశోధన విభాగం పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. అన్నదమ్ములను మింగిన ప్రశ్న మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

బొంబాయి తల్లులు, పాలకూర, మాత్ర

కథలో ఇక్కడో స్త్రీ వస్తుంది. పేరు లూసీ విల్స్. ఇంగ్లండు డాక్టరు. 1920ల చివర్లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వస్తున్న తీవ్రమైన రక్తహీనతకు కారణం వెతికారు. పేదరికం, చాలీచాలని తిండి. ఈస్ట్ నుంచి తీసిన సారం తినిపిస్తే వాళ్లు తేరుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్నదేమిటో మాత్రం అప్పటికి తేలలేదు. పదేళ్ల తర్వాత 1941లో అమెరికా శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి చిటికెడు పదార్థం వేరుచేశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఆకుకు లాటిన్‌లో ఉన్న మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

టన్నుల ఆకుకు చిటికెడు మందు వస్తే ఎంతమందికి సరిపోతుంది? అందుకే దాన్ని పరిశోధనశాలలో తయారుచేయాలి. సుబ్బారావు నడిపించిన లెడర్లీ బృందం 1945లో ఆ పని సాధించింది. వెంటనే స్ప్రూ రోగులకు, కొన్ని రకాల రక్తహీనతలకు ఇచ్చి చూశారు. నోరు పూత తగ్గింది, రక్తం పట్టింది, మంచాన ఉన్నవాళ్లు లేచి తిరిగారు. పాతికేళ్ల కింద ఇద్దరు అన్నదమ్ములకు అందనిది ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. ఆ రోజు ఆయన మనసులో ఏం మెదిలిందో మనం ఊహించుకోవాల్సిందే.

ఇంతకీ ఫోలిక్ యాసిడ్ ఏం చేస్తుంది? ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే అది ఉండాలి. మన ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర కణాలు పుడుతుంటాయి. ఒక్కో కణం ఆయుష్షు 120 రోజులే. ఇనుము హిమోగ్లోబిన్‌కు ముడిసరుకైతే, ఫోలిక్ యాసిడ్ కణాల తయారీకి కావలసిన సరంజామా. ఒకటుండి ఒకటి లేకపోతే పని జరగదు. అందుకే మాత్రలో రెండూ కలిపి ఇస్తారు. గర్భిణులకు రోజూ ఇచ్చే ఎర్ర మాత్రలోనూ, పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలి మాత్రలోనూ ఉండేవి ఇవే.

అక్కడితో ఆగలేదు. బోదకాలు జబ్బుకు వాడే డీఈసీ మందు 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ఇంకా పెరుగుతోందని సిడ్నీ ఫార్బర్ అనే బోస్టన్ డాక్టరు గమనించారు. మరి ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే? అలాంటి మందును సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. ఆ కుటుంబంలోదే అయిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. 1948లోనే అదే పరిశోధనశాల నుంచి ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ అని మనం వినే మందుల్లో అదే మొదటిది. దాన్ని కనుగొన్నది ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్. స్ప్రూ వైద్యంలో నేడు ఫోలిక్ యాసిడ్‌తోపాటు ఇచ్చేది ఆ జాతి మందునే. చూశారా, వెతికిన ప్రశ్నకు రెండు జవాబులూ ఒకే ఇంట్లో దొరికాయి!

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో తన ఇంట్లో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. గుండెపోటు అన్నారు. వయసు 53.

శేషగిరి సంగతి

కథ అయిపోయిందనుకున్నాను. అప్పుడు చెయ్యెత్తింది మా ఖోఖో అమ్మాయి. మరి ఆయన భార్య ఏమైందని అడిగింది.

నిజమే. గొప్పవాళ్ల కథల్లో మనం ఈ ప్రశ్న అడగడం మరిచిపోతాం. పెళ్లయిన మూడేళ్లకే భర్త పరదేశం వెళ్లాడు. ఆయన వెళ్లాక కొడుకు పుట్టి, పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి కళ్లారా చూడనే లేదు. పని ముగిశాక వస్తానన్న మనిషి పాతికేళ్లకు పైగా రాలేదు. చివరికి చావు కబురే వచ్చింది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మన దేశ పౌరుడిగానే బతికారు, పోయారు. కానీ తిరిగి రాలేదు. శేషగిరి ఆయన్ను మళ్లీ చూడలేదు.

దీన్ని త్యాగం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకిష్టం లేదు. ఆవిడను ఎవరూ అడిగి చేయించిన త్యాగం కాదది, ఆవిడ మీద పడిన బతుకు. మనం మింగే మాత్ర ఖరీదులో బంగారం అమ్ముకున్న వెంకమ్మగారి వాటా ఉంది. ఎదురుచూపుల్లో ఏళ్లు కరిగిపోయిన శేషగిరిగారి వాటా ఉంది. పిల్లలకు ఇంతే చెప్పాను. అర్థమయిందో లేదో గానీ, ఆ అమ్మాయి మాత్రం చాలాసేపు స్టాంపు వైపే చూస్తూ కూర్చుంది.

నానమ్మ కొంగున నిమ్మకాయ

తర్వాతి వారం తల్లులను, నానమ్మలను, అమ్మమ్మలను బడికి పిలిచాను. మాత్ర చేతిలో పెట్టి ఊరూ పేరూ చెప్పాను. అన్నదమ్ముల కథ చెప్పాను. నిలదీసిన నానమ్మ మొదటి వరసలోనే కూర్చుంది. కథంతా విని, ఆ ఇద్దరు పిల్లల తల్లి ఎట్ల తట్టుకుందో అని కళ్లొత్తుకుంది. అంతే. ఆ తర్వాత మాత్ర గురించి నేను పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు.

ఆ రోజు మాట్లాడుకున్నవి మీకూ పనికొస్తాయి. మా పిల్లల్లో సగం మంది పొద్దున్నే చాయ్‌లో బిస్కెట్టు ముంచుకు తిని బడికొస్తారు. చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అన్నానికి ముందూ వెనకా గంటసేపు చాయ్ వద్దు, అసలు పిల్లలకు చాయే వద్దు. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే, భోజనంతోపాటు ఓ జామకాయో, ఉసిరికాయో ఇస్తే ఇనుము బాగా పడుతుంది. పాలకూర, తోటకూర, గోంగూర, పెసలు, శనగలు, పల్లీలు, గుడ్డు అన్నిట్లోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కానీ ఆకును గంటలకొద్దీ ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అదీ వాటితోనే పోతుంది. కడిగాక తరగండి, తక్కువ నీళ్లలో మూతపెట్టి ఉడికించండి.

మాత్ర అన్నం తిన్నాకే వేయాలి. ఖాళీ కడుపుతో వేస్తే వికారం పెట్టొచ్చు. విరేచనం నల్లగా అయితే కంగారు పడొద్దు, అది ఇనుము రంగే. ఇంట్లో మాత్రలు పసివాళ్లకు అందకుండా దాచండి, ఎక్కువ మింగితే ప్రమాదం. నులిపురుగుల మందు ఇచ్చే రోజున బడి మాన్పించకండి. కడుపులో పురుగులుంటే తిన్నదంతా వాటికే. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే వారానికో మాత్ర చాలదు, డాక్టరుకు చూపించాలి. మా అమ్మాయికీ అలాగే ఆస్పత్రిలో వేరే మందు రాసిచ్చారు.

పుస్తకం తిరగేసి చెప్పిన మాటలు కావివి. మా తుక్కుగూడ నుంచి బస్సెక్కితే చేరే దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. మన తిండిలో ఏ గింజలో, ఏ ఆకులో ఎంత సారముందో కొలిచి చెప్పే పని అక్కడ దశాబ్దాలుగా సాగుతోంది. ఇంత దగ్గర్లో ఇంత విజ్ఞానం పెట్టుకుని మన పిల్లలు నాలుగడుగులకు కూలబడితే తప్పెవరిది చెప్పండి?

ఇప్పుడు మా బడిలో ప్రతి శనివారం ఆటకు ముందు ఓ పది నిమిషాలు తిండి కబుర్లు. ఆ వారం ఎవరింట్లో ఏ ఆకుకూర వండారో చెప్పాలి. పరుగు ఆపాక ఎన్నాళ్లకు ఆయాసం తీరిందో లెక్కపెట్టుకోవాలి. పోపుల డబ్బా మళ్లీ నిండడానికి నాలుగైదు నిమిషాలు పడుతుందని ఇప్పుడు మా పిల్లలే చెబుతారు. అలసిన పిల్లను బద్ధకస్తురాలు అనే మాట మాత్రం మా ఆటస్థలంలో నిషేధం.

ఐదు నెలలకు ఆ అమ్మాయి హిమోగ్లోబిన్ 11.2కు వచ్చింది. ఇంకా కాస్త చేరాలి. మొన్న ఖోఖోలో ఇద్దరిని తప్పించుకుని మూడోవాళ్లకు దొరికింది. ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుని, జీతం వస్తోంది టీచర్ అంది. ప్రహరీ అవతల పిల్లను తీసుకెళ్లడానికి నానమ్మ నిలబడి ఉంది. కొంగున ముడేసుకున్న నిమ్మకాయ తీసి చూపించింది. ఆ పూట పప్పులోకట.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నాలుగడుగులకే చతికిలబడే పిల్ల ఉందేమో ఓసారి చూడండి. తిట్టేముందు కంటి కింది రెప్ప లాగి చూడండి. పాలిపోయి ఉంటే పరీక్ష చేయించండి. మాత్ర మింగనని మారాం చేస్తే, భీమవరం అబ్బాయి కథ చెప్పండి.